అక్క ముక్కు ఎటు వంగింది

అందం మనసులో ఉంటుందని చెప్పేవాళ్ళు కూడా గుర్తింపు కార్డు ఫొటోకి తల దువ్వుకునే వస్తారు. ఈ సంగతి మెరుగు పిన్నికి తెలిసినంత బాగా వీధిలో ఇంకెవరికీ తెలియదు.

బస్సు స్టాపు ఎదురుగా, దర్జీ కొట్టుకీ మందుల షాపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది ఆమె ఫొటో స్టూడియో. ముందుగదిలో ఒక బెంచీ, నిలువుటద్దం, అద్దం మేకుకి దారంతో కట్టిన దువ్వెన. కట్టకపోతే దువ్వెనకి కాళ్ళొస్తాయి. లోపలి గదిలో తెల్ల తెర, స్టూలు, గొడుగు లైట్లు, ఒక మూల కంప్యూటరు. బోర్డు మీద ఆమె అసలు పేరు ఉంది గానీ దాన్ని ఎవరూ చదవరు. పిన్ని అని పిలవడం ఆమె అక్క కూతురు మొదలుపెట్టింది, వీధి ఆ వరస అందుకుంది. మెరుగు అన్నది మాత్రం చేతిపని తెచ్చిపెట్టిన బిరుదు.

ఆమె చేతిలో పడ్డ మొహం తోమిన గిన్నెలా బయటికొస్తుంది. మొటిమలు పోతాయి, కళ్ళకింద నలుపు పోతుంది, నుదుటి ముడతలు ఇస్త్రీ అయిపోతాయి. పైగా ఆమెకొక సొంత చిట్కా ఉంది. ఫొటోని కుడిఎడమలు మార్చి, అద్దంలోలా తిప్పేస్తుంది. మనిషి రోజూ తన మొహం చూసుకునేది అద్దంలోనే కాబట్టి, ఫొటోలో అది రెండోవైపుకి తిరిగి కనిపిస్తే ‘ఇది నేనేనా’ అని పేచీ పెడతాడు. తిప్పి ఇస్తే, ఈసారి బాగా వచ్చానే అనుకుంటూ వెళ్తాడు. అయితే మొహంతోపాటు చొక్కా కూడా తిరుగుతుంది, జేబు కుడివైపుకి వచ్చేస్తుంది. అప్పుడు జేబుని కోసి మళ్ళీ ఎడమవైపు అతికించాలి. అతికించడం మర్చిపోయిన రోజులూ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల మగవాళ్ళలో కొందరు కార్డుల్లో కుడిజేబు చొక్కాలతో ఉన్నారు. ఇవన్నీ తను కుట్టినవేనని జనం అనుకుంటున్నారనీ, దీనికి ఎవరు జవాబుదారీ అనీ దర్జీ అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నిలబడి అడిగిపోతుంటాడు.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. మెరుగు పిన్ని అసలు ఫొటోని ఉంచదు. మెరుగు పెట్టినదాన్ని దాని మీదే భద్రం చేసేస్తుంది. అన్నం వండాక బియ్యం ఎక్కడైనా మిగులుతాయా అంటుంది.

ఆమె అక్క సిటీ బస్సు డ్రైవరు. పెద్ద మనిషి, పెద్ద గొంతు, పెద్ద ముక్కు. ఆ ముక్కు సగం దాకా బుద్ధిగా వచ్చి, అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు ఒక పక్కకి తిరుగుతుంది. అది వాళ్ళ నాన్న ముక్కు. నాన్న లేత్ మిషను మీద పనిచేసేవాడు. ఎవరైనా ముక్కు గురించి ఎత్తితే, తిన్నగా ఉన్న చువ్వకి ఏం తగిలించినా జారిపోతుంది, వంపు ఉంటేనే కొక్కెం అవుతుంది అని సైన్సు చెప్పేవాడు. అమ్మకి ఆ సైన్సు ఎక్కలేదు. చెల్లెలికి అమ్మ ముక్కు వచ్చింది, చిన్నగా, తిన్నగా, ఎవరినీ నొప్పించకుండా. వచ్చినవాళ్ళంతా చెల్లెల్ని ఎత్తుకునేవాళ్ళు. అక్కని ఏ క్లాసు అని అడిగేవాళ్ళు.

కిందటేడు, ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదమైనా లేకుండా బస్సు నడిపినందుకు డిపోవాళ్ళు అక్కకి సన్మానం చేశారు. మెరుగు పిన్ని అక్క ఫొటోని పెద్దది చేసి, ఫ్రేము కట్టించి, రంగు కాగితం చుట్టి పట్టుకెళ్ళింది. అక్క అందరి ముందూ కాగితం విప్పింది. కాసేపు చూసింది.

“ఈవిడెవరు?” అని అడిగింది.

సభ అంతా నవ్వింది. అక్క నవ్వలేదు. ఫొటోలో ముక్కు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. ఫ్రేముని కుర్చీ కింద పెట్టేసి ఇంటికి వెళ్ళిపోయింది, చెల్లెలితో మాట్లాడటం మానేసింది. రోజూ స్టూడియో ముందునుంచే బస్సు పోనిస్తుంది, స్టాపులో ఆపుతుంది కూడా, తల మాత్రం ఇటు తిప్పదు. డ్రైవరన్నాక రోడ్డు చూడాలి కదా అని బావ సమర్థించేవాడు. అక్కచెల్లెళ్ళ అనుబంధం ఎంత గొప్పదో చెప్పడానికి పెద్దలు ఇద్దరి దగ్గరికీ విడివిడిగా వెళ్ళొచ్చారు. ఇద్దరూ ఔనన్నారు. ఎవరూ కదల్లేదు. అనుబంధం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళకి, ఫలానా ముక్కుని ఏం చేయాలో తెలియదు. అదే అసలు చిక్కు.

ఈలోగా స్టూడియో కూడా పలచబడింది. ఫోన్లే మొహాలకి మెరుగు పెట్టేస్తున్నాయి. అలాంటప్పుడు అక్క కూతురు, పోస్టర్లు తయారుచేసే ఆఫీసులో పనిచేసే అమ్మాయి, తల్లికి తెలియకుండా ఏమీ కాదు గానీ తల్లితో చెప్పకుండా, పిన్ని దగ్గరికి వచ్చి ఒక బొమ్మ చూపించింది. పసుపుపచ్చ మొహం, ఎర్ర పెదాలు, ముక్కు పక్కన చిక్కటి నలుపు నీడ, వెనక నీలం, ఆ నీలం నిండా చుక్కలు.

“ఈ పిల్లకి కామెర్లా?” అంది మెరుగు పిన్ని.

“పాప్ ఆర్ట్, పిన్నీ. సబ్బు డబ్బాల మీదా తినుబండారాల పొట్లాల మీదా ఉండే రంగులు తెచ్చి మనుషుల మొహాలకి పూయడం. ఇప్పుడందరూ గోడలకి ఇవే పెట్టుకుంటున్నారు.”

చేసే పద్ధతి కూడా తనే చూపించింది. ముందు ఫొటోలో రంగు తీసేసి నలుపు తెలుపు చేయాలి. ఆ తర్వాత థ్రెషోల్డ్ అని ఒక మీట ఉంటుంది, దాన్ని అటూఇటూ జరపాలి. ఒక గీత ఉందనుకోండి, దానికన్నా వెలుగ్గా ఉన్నదంతా తెల్లగా అయిపోతుంది, దానికన్నా చీకటిగా ఉన్నదంతా నల్లగా అయిపోతుంది. మధ్యలో బూడిద రంగు, మొహమాటం, ఏమీ మిగలవు. ఆ నలుపుని పై పొరగా ఉంచి, దాని కింద ఇంకో పొర మీద రంగులు నింపాలి, పిల్లల బొమ్మల పుస్తకంలోలా. అంతే.

అంతే కదా అని మెరుగు పిన్ని దర్జీ ఫొటో తీసుకుంది. అలవాటు కొద్దీ ముందు మొహం శుభ్రం చేసింది. ముడతలు తీసింది, బుగ్గల గుంటలు పూడ్చింది, గడ్డం నీడ తుడిచింది. తర్వాత మీట జరిపింది. తెర మీద ఒక గుడ్డు తేలింది. గుడ్డుకి రెండు కళ్ళు, కింద రెండు చుక్కలు. మీట ఇటు లాగితే గుడ్డు, అటు లాగితే బొగ్గుముద్ద.

“చొక్కా బొత్తాం” అంది అక్క కూతురు.

అలా తెలిసొచ్చింది. నీడ లేని చోట నలుపు రాదు, నలుపు రాకపోతే మొహమే లేదు. ఇన్నేళ్ళూ తను తుడిచి పారబోస్తూ వచ్చింది దేన్నో మెరుగు పిన్ని కాసేపు ఆలోచించింది, తర్వాత ఆలోచన ఆపి దర్జీని పిలిచి, కిటికీ పక్కన నిలబెట్టి, గడ్డం గీసుకోని మొహాన్ని ఉన్నదున్నట్టు తీసింది. ఈసారి మీట జరుపుతుంటే ఒకచోట దర్జీ హఠాత్తుగా ప్రత్యక్షమయ్యాడు, కొలత తప్పు చెప్పినవాణ్ణి చూసే చూపుతో సహా. కానీ చెయ్యి ఊరుకోదు. ముడత కనిపిస్తే చాలు, మౌసు దాని మీదికి పరుగెత్తుతుంది. కుడిచేతి మీద ఎడమచెయ్యి వేసి నొక్కిపట్టుకుని ఆ బొమ్మ పూర్తిచేసింది. తన మొహం ఆకుపచ్చగా ఉండటం దర్జీకి నచ్చలేదు. జేబు ఎడమవైపే ఉందని చూసుకుని ఊరుకున్నాడు.

ఆ ఆకుపచ్చ దర్జీ బొమ్మ స్టూడియో అద్దంలోంచి వీధిని చూడటం మొదలుపెట్టాక పని దొరికింది. వచ్చినవాళ్ళలో బస్సు డిపో మేనేజరు ఒకరు. కొత్త క్యాంటీను గోడ మీద ఏళ్ళుగా పనిచేస్తున్న డ్రైవర్ల మొహాలు ఇలా పెట్టాలని ఆయన కోరిక. అందరిలోకీ పెద్దది, నడిమధ్యది, అక్క బొమ్మ.

మెరుగు పిన్ని మౌసు వదిలేసింది. అక్క ఒప్పుకుందా అని అడిగింది. ఒప్పుకోలేదు, వద్దనీ అనలేదు అన్నాడు మేనేజరు. అసలు మాట అక్క కూతురు చెప్పింది. ఇంట్లో అక్క అన్నదట: “పెట్టుకోమను. ఆ గోడ మీద నాది కాని మొహం కనిపిస్తే నేనే నిచ్చెన వేసుకుని దింపుతా. ఆ తర్వాత ఈ జన్మలో దాని గుమ్మం తొక్కను.”

అంటే, తనదైన మొహం కనిపిస్తే తొక్కుతుందనే కదా, అంది మెరుగు పిన్ని. అలా అని అమ్మ అనలేదు, అంది అమ్మాయి. అలా అని వినిపించింది, అంది పిన్ని.

మిగతా డ్రైవర్ల మొహాలు చకచకా అయిపోయాయి. ఎండలో ఎండి, పొగలో నాని, నీడలకి కొదవలేని మొహాలు. అక్క ఫొటో కావాలంటే డిపో ఆఫీసువాళ్ళు రికార్డులోది పంపారు. తెరిచి చూస్తే అది తను మెరుగు పెట్టిందే. మీట జరిపితే గుడ్డు. కంప్యూటరంతా వెతికింది. అక్క పెళ్ళినాటి నుంచీ కిందటేటి సన్మానం దాకా ఎన్నో ఫొటోలు, అన్నీ అన్నమే, బియ్యం గింజ ఒక్కటి లేదు. చిన్నప్పటి కుటుంబం ఫొటో ఒకటి గోడకి ఉంది. అందులో ముక్కు వంపు కనిపించకుండా అమ్మ అక్కని పక్కకి తిప్పి నిలబెట్టింది. ఫోన్లో ఏమైనా ఉన్నాయా అని అక్క కూతుర్ని అడిగితే, పాత ఫోను పాడైపోయిందని, సన్మానం తర్వాత తను ఫోను ఎత్తగానే అమ్మ అరచెయ్యి అడ్డం పెడుతోందని, తన దగ్గర ఉన్నవన్నీ అరచేతులేనని చూపించింది.

సరే, వంపు నేనే గీస్తాను, నాకు తెలియని ముక్కా అని కూర్చుంది మెరుగు పిన్ని. కలం పట్టుకుంది. అక్కడ ఆగిపోయింది.

ఎటు?

కళ్ళు మూసుకుంది. అక్క మొహం వచ్చింది. ముక్కు కుడికి వంగి ఉంది. ఇంకోసారి మూసుకుంది. ఎడమకి వంగి ఉంది. తను తిప్పిన ఫొటోలు, తిప్పని ఫొటోలు, మర్చిపోయి రెండుసార్లు తిప్పినవి, అన్నీ బుర్రలో కలగాపులగం అయిపోయాయి. తన చెయ్యికి గుర్తున్నది ఒక్కటే, తిన్నగా ఉన్న ముక్కు. అది ఏ ముక్కూ కాదు.

బావకి ఫోను చేసింది. కుడివైపుకి, అన్నాడు బావ తడుముకోకుండా. ఎవరి కుడి అని అడిగింది. 

“చూడమ్మా,” అన్నాడు బావ, “మీ అక్క పక్కన ఉన్నప్పుడు పక్కనుంచి చూస్తాను. పక్కనుంచి అది బాగానే ఉంటుంది. ఎదురుగా వచ్చి నిలబడిందంటే నేను ముక్కు చూస్తానా, తలుపెటుందో చూస్తానా?”

అక్కనే అడిగి చూడమంటే, నిన్న ఫొటో మాట ఎత్తితేనే కందిరీగల తుట్టె కదిపినట్టయిందని, ఇక తనవల్ల కాదని పెట్టేశాడు.

స్టూడియోకి వచ్చిన ఒక నర్సుని అడిగింది, రోజూ ఆ బస్సులోనే డ్యూటీకి వెళ్తుంది కాబట్టి. ఎడమకి అంది నర్సు. బెంచీ మీద ఉన్న కొరియరాయన కాదు, కుడికి అన్నాడు, తనూ అదే బస్సు ఎక్కుతాడు. ఇద్దరూ గట్టిగా వాదించుకున్నారు. తేలిందేమిటంటే నర్సు వెనక సీట్లో కూర్చుని డ్రైవరు ముందున్న అద్దంలో చూస్తుంది. కొరియరాయన ఎక్కేటప్పుడు నేరుగా చూస్తాడు, అదీ చిల్లర వెతుక్కుంటూ. సాక్ష్యం చెప్పడానికి ముందు సాక్షి ఎక్కడ కూర్చున్నాడో అడగాలని మెరుగు పిన్నికి ఆరోజు అర్థమైంది. కొరియరాయన మాటే నమ్ముదామనుకుంటే, ఆయన లేచి వెళ్తూ ‘నాకు ఒక కన్ను సరిగా కనిపించదులెండి’ అన్నాడు.

“రెండువైపులా వంచి రెండు పెట్టెయ్ పిన్నీ,” అంది అక్క కూతురు. “పాప్ ఆర్ట్‌లో ఒకే మొహం నాలుగుసార్లు పెట్టినా ఎవరూ ఏమనరు.”

“మీ అమ్మ అంటుంది.”

మర్నాడు ఉదయం మెరుగు పిన్ని స్టూడియో తెరవకుండా, కెమెరా సంచీ భుజాన వేసుకుని, ఎదురుగా ఉన్న స్టాపులో నిలబడింది. అక్క బస్సులో కండక్టరు ఉండడు, టిక్కెట్టు డ్రైవరే ఇస్తుంది. అంటే అక్క తనతో ఒక్క ముక్కైనా మాట్లాడక తప్పదు. రాత్రంతా వేసిన పథకం ఇదే. ఆ ఒక్క ముక్కకి తను ఏం జవాబు చెప్పాలన్నది మాత్రం పథకంలో లేదు.

తలుపు తెరుచుకుంది. అక్క రోడ్డునే చూస్తూ అంది:

“ఎక్కడికి?”

“నువ్వెక్కడికి పోతే అక్కడికి.”

“చివరి స్టాపు. చిల్లర ఇవ్వండి.”

‘ఇవ్వండి’ అన్నది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. మెరుగు పిన్ని చిల్లర ఇచ్చి, టిక్కెట్టు తీసుకుని, డ్రైవరుకి ఏటవాలుగా ఉండే మొదటి సీట్లో కూర్చుంది. నేరుగా చూసింది. ఆ పైన అద్దంలో చూసింది. నేరుగా ఒకలా, అద్దంలో ఇంకోలా, నర్సూ కొరియరాయనా ఇద్దరూ నిజమే చెప్పారు. తన ముక్కు మీద వేలు పెట్టుకుని, వేలుని అటు వంచి, ఇటు వంచి, సరిపోల్చుకోవడం మొదలుపెట్టింది. పక్కసీట్లో ఉన్న పెద్దావిడ ఇదంతా చూసి, జలుబుకి ఆవిరి పట్టమని సలహా ఇచ్చింది.

“అక్కా,” అంది మెరుగు పిన్ని.

అక్క స్టీరింగు మీద నుంచి ఒక వేలు లేపి, తల మీదున్న బోర్డు చూపించింది. బస్సు నడుస్తున్నప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదు అని ఉంది దాని మీద.

నిబంధనలు ఎందుకు పెడతారో తెలియదని విసుక్కునే జనం ఇలాంటివి చూడాలి. ఒక బోర్డు ఒక మనిషిని ఎంత చక్కగా కాపాడిందో. సిగ్నళ్ళ దగ్గర ఆగినప్పుడు బస్సు నడవడం లేదు కదా అని మెరుగు పిన్ని నోరు తెరిచేది. అప్పటికి పచ్చ లైటు పడేది. ఊరంతా అలాగే దాటారు.

చివరి స్టాపులో అందరూ దిగారు. పెద్దావిడ దిగుతూ ఆవిరి సంగతి మళ్ళీ గుర్తుచేసింది. అక్క ఇంజను ఆపింది. పక్క కిటికీలోంచి ఉదయపు ఎండ ఏటవాలుగా పడి, మొహాన్ని రెండుగా విడగొట్టింది. ఒక సగం తెలుపు, ఒక సగం నలుపు. మెరుగు పిన్ని సీట్లోంచి ముందుకి వంగింది. చెల్లెలిగా ఎంతో, ఫొటోగ్రాఫరుగా ఎంతో చెప్పడం కష్టం.

“దిగాలి,” అంది అక్క. “ఇది చివరిది.”

“ఒక్క ఫొటో అక్కా.”

“ఎందుకు? తీసెయ్యడానికి నా మొహంలో ఇంకేమైనా మిగిలిందా?”

మెరుగు పిన్ని దగ్గర మంచి మాటలు కొన్ని సిద్ధంగా ఉన్నాయి. నువ్వెలా ఉన్నా అందంగానే ఉంటావు, అసలు అందం అంటే, వగైరా. అవేవీ రాలేదు. నోట్లోంచి వచ్చింది ఇది:

“నీ ముక్కు ఎటు వంగి ఉంటుందో మర్చిపోయాను.”

అక్క ఈసారి తల తిప్పింది. చెల్లెల్ని పైనుంచి కిందికి చూసింది.

“ఒకే మంచం మీద పడుకుని పెరిగావు కదే.”

“కళ్ళు మూసుకుంటే అటూ వస్తోంది, ఇటూ వస్తోంది. బావని అడిగితే ఆయనకీ తెలియదు.”

“ఆయన్ని అడిగావా?” అక్క పెదవి చివర ఏదో కదిలి, మళ్ళీ సర్దుకుంది. “అమ్మకి మాత్రం బాగా తెలిసేది. రోజూ స్నానం దగ్గర బొటనవేలు పెట్టి ఇటు నుంచి అటు నొక్కేది. నొప్పెడుతుందంటే, పెళ్ళయ్యాక నువ్వే మెచ్చుకుంటావు అనేది. నువ్వు గుమ్మంలో కూర్చుని చూసేదానివి. అమ్మ వల్ల కాలేదు. ఆవిడ మొదలుపెట్టిన పని నువ్వు పూర్తిచేసి, ఫ్రేము కట్టి, అందరి ముందూ నా చేతికిచ్చావు.”

“నేను అమ్మని తలుచుకుని చెయ్యలేదక్కా. అందరికీ చేస్తాను.”

“అదే. అందరికీ చేసేదే నాకూ చేశావు.”

 మెరుగు పిన్ని కెమెరా సంచీ జిప్పు తీసింది, మూసింది, మళ్ళీ తీసింది.

“నా దగ్గర నీ ఫొటో ఒక్కటీ లేదక్కా,” అంది. “నిన్నంతా వెతికాను. ఉన్నవన్నీ నేను చేసినవే. నువ్వున్నది ఒక్కటి లేదు.”

బయట జనం పోగయ్యారు. ఎవరో తలుపు అద్దం మీద తట్టారు. అక్క అటు చూసి, ఒక నిమిషం అన్నట్టు వేలు చూపించింది. ఆ తర్వాత సీట్లో నిటారుగా కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, మొహం చెల్లెలి వైపు తిప్పింది.

“తియ్యి. మీట నొక్కడం వరకే. ఆ తర్వాత నీ చేతులు నా మొహం మీద కనిపించకూడదు.”

“ఇంకొంచెం కిటికీ వైపు.”

“బస్సు లేటవుతోందే.”

“గడ్డం కొంచెం పైకి అక్కా.”

“వాళ్ళు నన్ను కాదు, నిన్ను తిడతారు, చెప్తున్నా.”

తిట్టారు కూడా. మెరుగు పిన్ని తలుపు దగ్గర వాళ్ళందరినీ తోసుకుంటూ దిగి, ఇంకో బస్సు ఎక్కి, ఏమీ వినిపించుకోకుండా స్టూడియోకి వచ్చేసింది.

ఈసారి ఏదీ శుభ్రం చేయలేదు. ఆమె చేసిన మొట్టమొదటి పని, ఇన్నేళ్ళ వృత్తిలో మొదటిసారి, అసలు ఫొటోకి ఒక నకలు తీసి పక్కన దాచడం. నకలు మీద రంగు తీసింది. మీట మెల్లగా జరిపింది. మొదట మంచు, తర్వాత మంచులో రెండు కనుబొమలు, ఆ తర్వాత కంటి మూల నుంచి బయల్దేరిన నల్లటి నీడ ముక్కు వెంట దిగి, వంపు దగ్గర వెడల్పై, పై పెదవి మీద పడింది. అంతే, అక్క వచ్చేసింది. చిల్లర ఇవ్వండి అంటున్నట్టే ఉంది. మెరుగు పిన్ని కుర్చీ ఒకడుగు వెనక్కి జరుపుకుంది. మొహానికి నారింజ రంగు నింపింది, జుట్టుకి ఊదా, వెనక ఆకాశనీలం మీద తెల్ల చుక్కలు. చుక్కలు ఎంత పెద్దవి ఉండాలన్న దాని మీద పూట గడిచింది. ముక్కు జోలికి వెళ్ళలేదు. దాని మీద పని చేయడానికి ఏమీ లేదు, మొహం అంతటికీ అదే ఆధారం.

బొమ్మ అచ్చుకి పంపే ముందు చూడాలని అక్క కూతురు వచ్చింది. చూసి, ఫోను తీసి ఎవరికో ఏదో పంపింది. మెరుగు పిన్ని అడగలేదు. సాయంత్రం బస్సు వచ్చి స్టాపులో ఆగింది, జనం దిగారు, ఎక్కారు, బస్సు వెళ్ళిపోయింది. తల తిరగలేదు. ఇంక వస్తుందో రాదో, గోడ మీద పెట్టాక నిచ్చెన వేస్తుందో వేయదో తెలియక మెరుగు పిన్ని గొడుగు లైట్ల దుమ్ము తుడుస్తూ కూర్చుంది.

డ్యూటీ దిగాక అక్క నడిచి వచ్చింది. యూనిఫారంలోనే ఉంది. గుమ్మం దగ్గర ఆగలేదు, కుశలం అడగలేదు, నేరుగా లోపలి గదిలోకి వెళ్ళి కంప్యూటరు ముందు నిలబడింది. బెంచీ మీద ఫొటో కోసం కూర్చున్నాయన ఇది తన వంతు కదా అనబోయి, యూనిఫారం చూసి మానుకున్నాడు.

చాలాసేపు చూసింది. మెరుగు పిన్ని ఆమె వెనక నిలబడి, తెరని కాకుండా అక్క భుజాలని చూస్తోంది.

“నాన్న,” అంది అక్క.

ఇంకొంచెం వంగి చూసింది.

“ఇదేమిటి?”

“ఏది?”

“ఇక్కడ. గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది.”

“అది నీదే అక్కా.”

“నాదని నాకు తెలుసు. తీసెయ్.”

 ఉన్నదున్నట్టు ఉండాలని ఏడాదిపాటు మౌనవ్రతం పట్టిన మనిషి ఈవిడేనా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకు అందులో వింతేమీ కనిపించదు. ముక్కు నాన్న ఇచ్చింది. ఆ రెండో గడ్డం స్టీరింగు ముందు కూర్చుని కూర్చుని వచ్చింది. ఏది తనదో, ఏది తనకి తగులుకున్నదో చెప్పే హక్కు మొహం ఉన్నవాళ్ళది. సహజత్వం గురించి పెద్ద గొంతుతో మాట్లాడేవాళ్ళని ఎప్పుడైనా కింద నుంచి ఫొటో తీసి చూపించండి.

“తియ్యను,” అంది మెరుగు పిన్ని.

“అందరికీ తీస్తావుగా.”

“అందరికీ తీసేది నీకు తియ్యొద్దన్నావుగా.”

“ముక్కు గురించి అన్నాను. దీని గురించి అన్నానా?”

“నా చేతులు నీ మొహం మీద కనిపించకూడదన్నావు.”

“ఇది మొహమా? ఇది మెడ.”

“ఆ నీడ తీస్తే మొహం ఊడి మెడలో పడుతుందే అక్కా.”

“ఎందుకు పడుతుంది? చూపించు. పడితే అప్పుడు చూద్దాం.”

అక్క స్టూలు లాక్కుని కూర్చుంది. మెరుగు పిన్ని పక్కన కూర్చుని, ఆ నల్లటి చంద్రవంకని చెరిపింది. నారింజ మొహం, నారింజ మెడ ఒకటైపోయి, అక్క తల భుజాల మీదికి కారుతున్న మైనంలా తయారైంది. ఇద్దరూ దాన్ని చూశారు. బెంచీ మీది ఆయన కూడా లేచొచ్చి, వాళ్ళ భుజాల మధ్య నుంచి చూసి, “అయ్యో” అన్నాడు.

“పెట్టెయ్,” అంది అక్క.

“చెప్పానా?”

“పెట్టెయ్యవే, చూడలేకపోతున్నా. గడ్డం నాదే, పెట్టెయ్.”

మెరుగు పిన్ని చెరిపినదాన్ని వెనక్కి తెచ్చే మీట నొక్కింది. మొహం మళ్ళీ నిలబడింది. అక్క ఊపిరి వదిలి, టోపీ తీసి కీబోర్డు పక్కన పెట్టి, మిగతా డ్రైవర్ల బొమ్మలు కూడా చూపించమంది. ఒక్కొక్కటే తెరుస్తుంటే, ఫలానావాడి చెవులు ఇంత చిన్నవి కావని, వాడు డబ్బులిచ్చి తగ్గించుకున్నాడేమో అడగమని, ఈయన ఇంత సౌమ్యంగా ఉన్నాడంటే ఇది వేరే ఎవరిదో ఫొటో అయి ఉంటుందని ఒక్కొక్కరికీ వంకలు పెట్టుకుంటూ పోయింది. మెరుగు పిన్ని ప్రతి వంకకీ ఎదురు చెప్పింది. ఫొటో కోసం వచ్చినాయన చాలాసేపు నిలబడి, ఇక లాభం లేదని తనే వెళ్ళి తెల్ల తెర ముందు కూర్చుని, వేళ్ళతో తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు.